నాన్నతో ఇంగ్లండ్ కేథడ్రల్స్: వారంలో ఏవి చూడాలి, ఏవి వదలాలి?

కొత్తబాట:

అందరికీ నమస్కారం. మా నాన్న వచ్చే నెల మా దగ్గరికి, లండన్‌కి వస్తున్నారు, ఈ దేశానికి ఇదే మొదటిసారి. నలభై ఏళ్లు తాపీ పని చేశారు. ఇప్పుడు మానేశారు గానీ ఏ పాత గోడ కనబడినా ఆగి చేత్తో ఒకసారి తడిమి చూడందే అడుగు ముందుకు పడదు. బకింగ్‌హామ్ ప్యాలెస్, టవర్ బ్రిడ్జ్ చూపిస్తానంటే "సరేలే" అన్నారు. అదే డరం కేథడ్రల్ అనే పాత పెద్ద చర్చి లోపలి ఫొటో ఒకటి పంపితే మాత్రం, వాళ్లకి అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి "ఇది సిమెంటు రాకముందు కట్టింది కదా, కప్పు కూడా రాయేనా? కింద దూలాలు లేవా?" అని అడిగారు. అప్పుడే అనుకున్నాను, ఈ వారం సెలవు మొత్తం కేథడ్రల్స్‌కే అని.

ఇప్పుడు సమస్య ఏమిటంటే నా లిస్టులో ఎనిమిది ఉన్నాయి: కాంటర్‌బరీ, ఈలీ, లింకన్, యార్క్, డరం, సాలిస్‌బరీ, వించెస్టర్, వెల్స్. చేతిలో ఏడు రోజులు. కారు లేదు, అన్నీ రైల్లోనే. నాన్నకి మోకాళ్ల నొప్పి, నడుస్తారు గానీ మెట్లు ఎక్కువైతే కష్టం. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? ఇంకొకటి, సాయంత్రం పూట ప్రార్థన ఉంటుందట, దానికి మాలాంటి హిందువులు వెళ్లి కూర్చుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారా? నాన్నే అడగమన్నారు, "వాళ్ల గుళ్లో మన వల్ల ఇబ్బంది ఉండకూడదు" అని.

తూర్పులైను:

ఎనిమిది వద్దండి. ఏడు రోజుల్లో ఎనిమిది చూస్తే మూడో రోజుకే అన్నీ కలిసిపోయి, ఆ రంగు అద్దాలు ఏ ఊళ్లోవో ఈ స్తంభం ఎక్కడిదో గుర్తుండదు, నేను అలా ఒకసారి తిరిగి నష్టపోయాను. మీ నాన్నగారు చేతి పని తెలిసిన మనిషి కాబట్టి నాలుగు చాలు, ఒక్కోచోట మూడు నాలుగు గంటలు ఉండనివ్వండి.

నా మాట వింటే మొదట డరం ఖాయం చేసుకోండి. 1093లో మొదలుపెట్టి 1133 కల్లా అసలు కట్టడం ముగించారు, నలభై ఏళ్లు. అంటే మీ నాన్నగారు పని చేసినన్నాళ్లు. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది: అవును, కప్పు మొత్తం రాయే, కింద దూలాలు లేవు. రాతితో పక్కటెముకల్లాంటి కమానులు ముందు నిలబెట్టి వాటి మధ్య ఖాళీలను రాతితో నింపారు, బరువంతా ఆ ఎముకల మీదుగా గోడల్లోకి, స్తంభాల్లోకి దిగుతుంది. ఇంత పెద్ద కట్టడాన్ని మొత్తంగా ఈ పద్ధతిలో కప్పిన వాటిలో ఐరోపాలో ఇదే తొలినాళ్లది. పైన కమానులు కొన్ని గుండ్రంగా కాకుండా మొన తేలి ఉంటాయి, గోథిక్ అని తర్వాత పేరొచ్చిన పద్ధతికి అవి ముందడుగు.

స్తంభాల దగ్గర తప్పకుండా ఆగండి. పెద్ద స్తంభాల చుట్టుకొలత 6.6 మీటర్లు, ఎత్తూ అంతే. వాటి మీద అడ్డదిడ్డపు గీతలు, వజ్రం గళ్లు, గాడులు లోతుగా చెక్కి ఉంటాయి, ఒక జతకి ఉన్నట్టు ఇంకో జతకి ఉండదు. లోపల మాత్రం అంతా రాళ్ల ముక్కలు, సున్నం, పై చుట్టు మాత్రమే చెక్కిన రాయి. ఇది మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు, చూడగానే పట్టేస్తారు. ప్రవేశం ఉచితం, విరాళం అడుగుతారు, ఇవ్వండి, అంత కట్టడాన్ని నిలబెట్టుకోవడం ఖరీదైన పని.

అదే లైనులో యార్క్ ఉంది, డరం నుంచి ముప్పావుగంట. యార్క్‌లో రెండు రాత్రులు బస పెట్టుకుని అక్కడి నుంచి డరం వెళ్లి రండి, పెట్టెలు మోసుకుని తిరగక్కర్లేదు. అక్కడి కేథడ్రల్‌ని యార్క్ మిన్‌స్టర్ అంటారు, దాని కట్టడం సుమారు 1220 నుంచి 1472 దాకా సాగింది, అందుకే ఒక్కో భాగం ఒక్కో కాలపు పని. తూర్పు గోడంతా పరుచుకున్న పెద్ద కిటికీ ఉంటుంది, దాదాపు టెన్నిస్ కోర్టంత. జాన్ థార్న్‌టన్ అనే అద్దాల పనివాడికి 1405లో కాంట్రాక్టు ఇచ్చారు, మూడేళ్లలో ముగించాలి, కూలి 46 పౌన్లు, గడువులోపు ముగిస్తే ఇంకో 10. ఆయన 1408లో ముగించి ఆ పదీ కూడా తీసుకున్నాడు. ఆరు వందల ఏళ్ల కిందటి పని ఒప్పందం మీ నాన్నగారికి నచ్చుతుందనే అనుకుంటున్నాను.

ఇక ఈలీ. కింగ్స్ క్రాస్ నుంచి గంటా పది నిమిషాలు, ఒక రోజులో పోయి రావచ్చు. కాంటర్‌బరీ చరిత్ర గొప్పదే, ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్‌ని 1170 డిసెంబర్ 29న లోపలే నరికిన చోటు, యాత్రికుల కాళ్లకి అరిగిన రాతి మెట్లు, అన్నీ ఉన్నాయి. కానీ లండన్ నుంచి గంటలోపే కాబట్టి ఎప్పుడైనా ఒక శనివారం చూపించొచ్చు. ఈ వారంలో ఇరికించకండి.

రాతిగుండె:

పైన తూర్పులైను గారు చెప్పింది బాగానే ఉంది గానీ మొత్తం ఉత్తరానికే లాగేశారు. అమ్మా, మీ నాన్న మేస్త్రి అన్నావు కాబట్టి చెప్తున్నా, సాలిస్‌బరీ చూపించకుండా ఆయన్ని పంపేస్తే అన్యాయం. నేను ముప్పై ఏళ్లు స్ట్రక్చరల్ ఇంజినీర్‌గా చేశాను, ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను.

ఆ శిఖరం ఎత్తు 123 మీటర్లు, ఈ దేశంలో చర్చి శిఖరాల్లో అన్నిటికన్నా ఎత్తు. పునాది లోతు ఎంతో తెలుసా? సుమారు 1.2 మీటర్లు. ఛాతీ లోతు గొయ్యి. కింద గులక నేల, దాని నిండా నీళ్లు, ఆ తడి గులకే ఇన్నేళ్లుగా మోస్తోంది. నేల మీద ఒక చోట రాతి పలక తీసి కర్ర దించి నీటి మట్టం చూస్తారు, గైడ్‌ని అడిగితే చూపిస్తారు. అసలు కేథడ్రల్‌ని 1220లో మొదలుపెట్టి 38 ఏళ్లలో ముగించి 1258లో ప్రతిష్ఠ చేశారు, అప్పుడు ఈ శిఖరం లేదు. తర్వాతి తరాల వాళ్లు పైన గోపురం, శిఖరం పెంచారు, అంటే ఆ స్తంభాలకి లెక్కలో లేని 6,500 టన్నుల బరువు తెచ్చి నెత్తిన పెట్టారు. మధ్యలో నాలుగు మూలలా ఉండే పెద్ద స్తంభాల దగ్గర నిలబడి తలెత్తి చూడండి, సన్నటి రాతి కంబాలు లోపలికి వంగి ఉంటాయి. రాయి వంగడం! కంటికి స్పష్టంగా కనబడుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను.

శిఖరం నిటారుగా కూడా లేదు, 70 సెంటీమీటర్లు వాలింది. లండన్‌లో సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ 1668లో వచ్చి దీన్ని పరీక్షించాడు. పైనుంచి తూకపు గుండు దించితే ఎక్కడ ఆగుతుందో కింద నేల మీద గుర్తు ఉంది, అది వెతికి మీ నాన్నకి చూపించు. టవర్ టూర్‌కి 332 మెట్లు, మోకాళ్ల నొప్పితో వద్దు. కానీ ఆయనకి చెప్పు, పైన శిఖరం లోపల అప్పటి కొయ్య పరంజా ఇప్పటికీ అలాగే ఉంది. కట్టాక ఊడదీయలేదు.

సాలిస్‌బరీ రైళ్లు బయల్దేరే లండన్ వాటర్లూ స్టేషన్ నుంచే వించెస్టర్ గంట. అక్కడ చూడాల్సింది పైన కాదు, కింద. తూర్పు భాగం బురద నేల మీద, దుంగల పరుపు మీద కట్టారు, 1900ల మొదట్లో గోడలు బీటలు వారి కుంగడం మొదలైంది. పునాది బలపరుద్దామని గొయ్యి తవ్వితే నీళ్లు ఊరిపోతున్నాయి. అప్పుడు విలియం వాకర్ అనే గజ ఈతగాడిని, ఆ రోజుల్లోని బరువైన డైవింగ్ సూటుతో, ఆ గొయ్యిల్లోకి దించారు. 1906 నుంచి 1911 దాకా, రోజుకి సుమారు ఆరు గంటలు, బురద నీళ్లలో ఏమీ కనబడదు, చేతి తడుముడుతోనే కాంక్రీటు సంచులు, దిమ్మెలు పేర్చుకుంటూ పోయాడు. 25 వేలకి పైగా సంచులు, లక్షకి పైగా దిమ్మెలు. ఆ మనిషి చేతుల మీద ఆ గోడ నిలబడి ఉంది. ఆయన విగ్రహం లోపల చిన్నది ఉంటుంది, మొదట పెట్టినది పొరపాటున ఇంజినీర్ ముఖంతో చేశారని తెలిసి 2001లో మార్చి అసలు మనిషిది పెట్టారు. చాలా సరైన పని చేశారు.

పదోప్లాట్‌ఫాం:

ఏవి చూడాలో పెద్దవాళ్లు చెప్తున్నారు, నేను ప్రయాణం సంగతి చెప్తా అక్కా.

ఇద్దరూ కలిసే తిరుగుతారు కాబట్టి ముందు టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకోండి, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది, సోమ నుంచి శుక్ర దాకా పొద్దున 9:30 తర్వాతి రైళ్లకి మాత్రమే. యార్క్, డరం లాంటి దూరాలకి అడ్వాన్స్ టికెట్లు ముందే కొనండి, ఆ రోజు స్టేషన్లో కొంటే చాలా తేడా ఉంటుంది. అయితే అడ్వాన్స్ టికెట్‌కి ఆ రైలే ఎక్కాలి, వేరేది ఎక్కితే చెల్లదు, కాబట్టి తిరుగు రైలు మరీ తొందరగా పెట్టుకోకండి. నాన్నగారు స్తంభం దగ్గర నిలబడి ఉంటే మీరు గడియారం చూసుకుంటూ టెన్షన్ పడాల్సి వస్తుంది.

రెండోది ముఖ్యం. వెళ్లే రోజు పొద్దున ఆ కేథడ్రల్ వెబ్‌సైట్ తెరిచి చూడండి. ఇవి మ్యూజియంలు కావు, లోపల పెళ్లిళ్లు, అంత్యక్రియలు, కాలేజీ పట్టాల పండగలు అన్నీ జరుగుతాయి. మా అమ్మానాన్నలని ఒక చోటికి మూడు గంటలు రైల్లో తీసుకెళ్తే ఆ రోజు స్నాతకోత్సవం, సందర్శకులకి ప్రవేశం లేదు. వర్షంలో బయట గోడ చూసి వచ్చేశాం. అమ్మ ఏమీ అనలేదు గానీ నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు.

టికెట్లు: డరం ఉచితం, యార్క్, ఈలీ, లింకన్, కాంటర్‌బరీల్లో డబ్బు కట్టాలి. కొన్నిచోట్ల ఒకసారి కొన్నది ఏడాది పాటు పనిచేస్తుంది, రసీదు పారేయకండి. లింకన్ అయితే స్టేషన్ కింద, కేథడ్రల్ కొండ మీద, మధ్యలో వీధి పేరే స్టీప్ హిల్. పేరుకి తగ్గట్టే ఉంటుంది, టాక్సీ పట్టుకోండి. డరం స్టేషన్ నుంచి కూడా దిగి మళ్లీ ఎక్కాలి, అక్కడా టాక్సీయే మేలు. ఇంకోటి, డరం వెళ్లేటప్పుడు రైలు ఎత్తైన వంతెన మీదుగా ఊళ్లోకి వస్తుంది, కిటికీ పక్క సీటు నాన్నగారికి ఇవ్వండి.

కొత్తబాట:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. ఆ వంగిన రాయి సంగతి నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాయి వంగదు తల్లీ, కీళ్ల దగ్గర కొద్దికొద్దిగా తిరిగి ఉంటుంది, సున్నం అయితే మెత్తగా సర్దుకుంటుంది, సిమెంటు అయితే పగిలేది" అన్నారు. రాతిగుండె గారూ, ఇది నిజమేనా?

ఇప్పటికి అనుకున్నది: ఈలీ ఒక రోజు, యార్క్‌లో రెండు రాత్రులు డరంతో కలిపి, సాలిస్‌బరీ ఒక రోజు. వించెస్టర్ కుదిరితే. లింకన్ వదిలేయడం బాధగా ఉంది.

సాయంత్రం ప్రార్థన గురించి ఎవరూ చెప్పలేదు.

రాతిగుండె:

నిజమే. సున్నం గారకి ఆ గుణం ఉంది, నెమ్మదిగా గట్టిపడుతుంది, భారం మెల్లగా కదిలితే తనూ కదులుతుంది, తేమని బయటికి వదులుతుంది. గత శతాబ్దంలో చాలా పాత కట్టడాలకి మరమ్మతు పేరుతో సిమెంటు పూసి, ఆ తేమ బయటికి పోయే దారి లేక రాయే పొరలు పొరలుగా రాలిపోతే, ఇప్పుడు అదంతా గీకి మళ్లీ సున్నం పెడుతున్నారు. మీ నాన్నకి నా నమస్కారం చెప్పు.

సాయంకీర్తన:

ప్రార్థన గురించి నేను చెప్తాను, నేనూ హిందువునే, తొమ్మిదేళ్లుగా మా ఊరి కేథడ్రల్‌కి వారానికి ఒకసారైనా వెళ్తున్నాను.

దాన్ని ఈవెన్‌సాంగ్ అంటారు. చాలా చోట్ల మామూలు రోజుల్లో సాయంత్రం 5:30కి, ఆదివారాలు కాస్త ముందు. ముప్పావుగంట. టికెట్ లేదు, టికెట్ ఉండే కేథడ్రల్స్‌లో కూడా దీనికి ఉచితం. ఎవరైనా రావచ్చు, మీ మతం ఏమిటని ఎవరూ అడగరు, అడిగిన సందర్భం నాకు ఒక్కటీ లేదు. తలుపు దగ్గర ఉన్నవాళ్లకి "ఈవెన్‌సాంగ్‌కి వచ్చాం" అంటే తీసుకెళ్లి కూర్చోబెడతారు. పావుగంట ముందు వెళ్తే చాలాసార్లు గాయకుల వరసల వెనకే, ఆ చెక్కుడు చెక్క కుర్చీల్లో చోటు ఇస్తారు. నాన్నగారికి ఆ కుర్చీల చేతులు తడమనివ్వండి, వందల ఏళ్ల చేతులకి నున్నబడి ఉంటాయి.

మీరు చేయాల్సింది ఏమీ లేదు. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కూర్చునే ఉన్నా ఎవరూ పట్టించుకోరు. నమ్మకం లేని వాక్యాలు మీరు పలకక్కర్లేదు, పాడేదంతా గాయకులే, మనం వినడానికే. పాట అయ్యాక చప్పట్లు కొట్టకూడదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఫోన్ ఆపేయండి, ఫొటోలు వద్దు.

ఎందుకు వెళ్లాలో కూడా చెప్తాను. పగటిపూట చూసేటప్పుడు ఆ కట్టడం రాయి. సాయంత్రం పదహారు మంది పిల్లలూ డజను మంది పెద్దవాళ్లూ వాద్యం కూడా లేకుండా గొంతు విప్పితే, ఆఖరి స్వరం వాళ్లు ఆపేశాక కూడా పైన కప్పు దగ్గర కొన్ని సెకన్లు నిలబడి ఉంటుంది. కట్టిన వాళ్లు ఆ హాలుని దీని కోసమే కట్టారని అప్పుడే తెలుస్తుంది. పదహారో శతాబ్దంలో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో విలియం బర్డ్ లింకన్‌లో ఆర్గన్ వాయించేవాడు, ఆయన రాసిన సంగీతం ఇప్పటికీ ఈ చోట్ల రోజువారీ పాటే. ఒకప్పుడు మగపిల్లలే పాడేవాళ్లు, 1991లో సాలిస్‌బరీ ఆడపిల్లల బృందం మొదలుపెట్టాక మిగతా చోట్లా మొదలయ్యాయి.

ఒక్క జాగ్రత్త. మీరు వెళ్లేది వచ్చే నెలాఖరు అయితే స్కూళ్ల సెలవులు తగలొచ్చు, అప్పుడు అక్కడి పిల్లల బదులు బయటి ఊళ్ల బృందాలు పాడతాయి, కొన్నిసార్లు పాట లేకుండా చదివేస్తారు. వెబ్‌సైట్‌లో ఆ వారం పాటల పట్టిక ఉంటుంది, చూసుకుని వెళ్లండి.

చెరువుగట్టు:

వెల్స్ గురించి ఒక్కరూ ఎత్తలేదేమిటి? మధ్య గోపురం కుంగుతుంటే 1338 నుంచి పదేళ్లు పట్టి కట్టిన కత్తెర కమానులు, ఒకటి మామూలుగా, దాని మీద ఇంకోటి తలకిందులుగా, మొత్తం ఎనిమిది అంకెలా ఉంటుంది. రిపేరు పనిని అంత అందంగా చేసిన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. స్తంభాల తలల మీద పన్ను నొప్పితో నోరు పట్టుకున్న మనిషి, ద్రాక్ష దొంగలు చెక్కి ఉంటారు. గడియారం పావుగంటకోసారి మోగినప్పుడు గుర్రాల మీద వీరులు తిరుగుతారు. రైలు లేదు, బాత్ లేదా బ్రిస్టల్ నుంచి బస్సు. అందుకే అందరూ వదిలేస్తారు, అదే నా బాధ.

కొత్తబాట:

తిరిగొచ్చాం. ఇంత సాయం చేసిన వాళ్లకి ఏం జరిగిందో చెప్పకుండా ఉండలేను, కాస్త పొడుగైనా చదవండి.

ఈలీ మొదట. 1322లో మధ్య గోపురం కూలిపోతే, ఆ ఖాళీలో మళ్లీ అలాంటిదే కట్టకుండా ఎనిమిది పలకలుగా విశాలంగా తెరిచి, పైన కొయ్యతో దీపపు గూడు లాంటిది నిలబెట్టారు. నాన్న కింద బెంచీ మీద వెనక్కి వాలి చాలాసేపు చూసి "ఇది మేస్త్రి పని కాదు, వడ్రంగి పని" అన్నారు. గైడ్‌ని అడిగితే అవునట, ఎనిమిది ఓక్ మానులు నిలువు స్తంభాలుగా, ఒక్కోటి 19 మీటర్లు. అంత పొడవున్నవి దొరకడానికే చాలా వెతికారట. పక్కన లేడీ చాపెల్ అనే ప్రార్థన మందిరంలో గోడల నిండా చిన్న చిన్న బొమ్మలు, వాటికి తలలు లేవు, మత సంస్కరణల కాలంలో, పదహారో శతాబ్దంలో, బొమ్మలు వద్దన్నవాళ్లు విరగ్గొట్టేశారు. నాన్న అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయారు. చెక్కిన వాడి కూలి సంగతి అడిగారు, ఎన్ని రోజులు పట్టి ఉంటుందని. నా దగ్గర జవాబు లేదు.

యార్క్‌లో థార్న్‌టన్ కిటికీ దగ్గర ఆ 46 పౌన్ల సంగతి చెప్తే ఆయన మొదట అడిగింది "అద్దం సామాను ఎవరిది, కూలీలది ఎవరు పెట్టుకున్నారు" అని. 1984 జులైలో మంటలు అంటుకుని కప్పు కాలిపోయిన దక్షిణం వైపు కూడా చూశాం, అక్కడి గులాబీ కిటికీ అద్దాలు వేల పగుళ్లు పట్టినా రాలకుండా నిలిచాయట. కానీ ఆయనకి అన్నిటికన్నా నచ్చింది లోపల కాదు. మిన్‌స్టర్ పక్కనే రాతిపని యార్డు ఉంది, ఇప్పటికీ పాడైన రాళ్ల బదులు కొత్తవి చేత్తో చెక్కుతున్నారు. ఒక కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు, లేత పసుపు సున్నపురాయి మీద ఉలితో గాడి తీస్తున్నాడు. నాన్న ఆగిపోయారు. ఆ అబ్బాయి ఆగి నవ్వాడు. నాన్నకి ఇంగ్లిష్ రాదు, చేత్తో ఉలి పట్టుకున్నట్టు చూపించి, మణికట్టు ఇంకాస్త కిందికి అన్నట్టు సైగ చేశారు. ఆ అబ్బాయి నిజంగానే అలా పట్టి రెండు దెబ్బలు వేసి చూసి, బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను ఒక మాట కూడా అనువాదం చేయక్కర్లేకపోయింది.

డరంలో కిటికీ సీటు ఇచ్చాను, పదోప్లాట్‌ఫాం తమ్ముడూ, నీ పుణ్యమా అని ఆ వంతెన మీద ఆయన ముఖం చూశాను. లోపలికి వెళ్లాక స్తంభం చుట్టూ చేతులు చాపుకుంటూ కొలిచారు, నాలుగు బారలకి కాస్త తక్కువ. తర్వాత ఆ చెక్కిన గీతని వేలితో పట్టుకుని ఒక రాయి నుంచి పక్క రాయికి నడిపించుకుంటూ వెళ్లారు. ఒకచోట వేలు ఆపి నన్ను పిలిచారు, "చూడు, నిలబెట్టాక చెక్కలేదు. కిందే ఒక్కో రాయి ఒకే అచ్చుతో చెక్కి పైకి పంపారు. అందుకే ఇంత తొందరగా కట్టగలిగారు. ఇక్కడ ఒక రాయి గీత వేలెడు తప్పింది, చూశావా? సర్దుకుని ముందుకెళ్లారు." ఎనిమిది వందల ఏళ్లకి పైగా లక్షల మంది దాని పక్కనుంచి నడిచి ఉంటారు. నాకైతే ఆయన వేలు పెట్టి చూపించేదాకా కనబడలేదు.

ఆ సాయంత్రం ఈవెన్‌సాంగ్‌కి కూర్చున్నాం. సాయంకీర్తన గారు చెప్పినట్టే ఎవరూ ఏమీ అడగలేదు, ఒక పెద్దావిడ నాన్నకి దారి చూపించి మెత్త వేసి ఉన్న కుర్చీ ఇచ్చింది. పాట మొదలయ్యాక ఆయన కళ్లు మూసుకున్నారు, నిద్రపోయారనుకున్నాను. ఆఖరి స్వరం ఆగాక కళ్లు తెరిచి మెల్లగా పైకి చూశారు, కప్పు ఎముకలు కలిసే చోటికి.

సాలిస్‌బరీలో వంగిన కంబాలు చూశాం, గుండు గుర్తు వెతికి చూశాం. మూరన్నర వాలు అని ఆయన చేత్తో కొలిచి చూపిస్తే పక్కనున్న గైడ్ వచ్చి మాతో పావుగంట మాట్లాడాడు. వించెస్టర్ కుదరలేదు, ఆ రోజు మోకాలు వాచింది.

ఇప్పుడు ఆయనకి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి, వాపు తగ్గింది. పొద్దుటి నుంచి ఆ నీళ్లలో పని చేసిన మనిషి గురించి మూడుసార్లు అడిగారు, అందుకని శనివారం వించెస్టర్ వెళ్తున్నాం. చెరువుగట్టు గారూ, ఆ తర్వాతి ఆదివారం వెల్స్ అనుకుంటున్నాం. బాత్ నుంచి ఆదివారం బస్సులు ఎంతసేపటికి ఒకటి ఉంటాయి? ఆ కత్తెర కమానుల కింద కూర్చోవడానికి చోటుందా?